కర్తను తెలుగులో వెతకండి, వచనాన్ని ఇంగ్లీషును అడగండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఇది చదివే మిగతావాళ్ళకూ పనికొస్తుంది. మీరు బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నారు, రోజూ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదువుకుంటున్నారు. ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ పొత్తు కుదిర్చే సూత్రాలు కోచింగ్ నోట్సులో ఉన్నవన్నీ మీకు కంఠతా వచ్చు. అయినా తప్పును గుర్తించమనే ప్రశ్న రాగానే ‘తప్పేమీ లేదు’ అన్న జవాబే పెడుతున్నారు, ఎందుకంటే వాక్యం చెవికి బాగానే వినిపిస్తోంది. అలా పోగొట్టుకున్న వాక్యాలు మూడు పంపారు:

“ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ మార్కెట్స్ హ్యావ్ ఇంప్రూవ్డ్.”

“షి ఈజ్ వన్ ఆఫ్ ది ఆఫీసర్స్ హూ హ్యాజ్ సర్వ్‌డ్ ఆన్ దిస్ షిప్.”

“నైదర్ ది క్యాప్టెన్ నార్ ది సెయిలర్స్ వాజ్ అవేర్ ఆఫ్ ది స్టార్మ్.”

వీటితోపాటు, మాట్లాడేటప్పుడు ‘సర్ హ్యావ్ కమ్’ అని నోటికి ఎందుకు వచ్చేస్తోందనీ, ‘డేటా’ పక్కన ‘ఈజ్’ రావాలా ‘ఆర్’ రావాలా అనీ అడిగారు.

విశాఖలో ఇంగ్లీషు పాఠం చెబుతూనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. గాజువాక పిల్లలైనా భీమిలి పిల్లలైనా, ఇంగ్లీషు మీడియమైనా తెలుగు మీడియమైనా ఇక్కడే తడబడతారు. మీకు సూత్రాలు తక్కువ కాలేదు. పాతిక సూత్రాలను వరసగా పేర్చి, అన్నీ ఒకే రకం అన్నట్టు బట్టీ పట్టించడంలోనే లోపం ఉంది. వాటి వెనక ఉన్నవి రెండే పనులు. మొదటిది, వాక్యంలో అసలు కర్త ఏదో పట్టుకోవడం. రెండోది, ఆ కర్త ఏకవచనమో బహువచనమో తేల్చడం. మొదటి పనికి మన తెలుగు గొప్ప సాయం చేస్తుంది. రెండో పనికి అదే తెలుగు అడ్డం వస్తుంది. ఏ పని చేస్తున్నామో తెలియకుండా రెండింటికీ ఒకే చెవిని నమ్ముకుంటే మోసపోక తప్పదు.

నిజానికి పొత్తు కుదర్చడం తెలుగువాళ్ళకు కొత్త విద్య కాదు. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, అతను వచ్చాడు, ఆమె వచ్చింది, వాళ్ళు వచ్చారు, బస్సులు వచ్చాయి అని మూడేళ్ళ పిల్లలు కూడా తడుముకోకుండా అంటారు. ఇన్నింటికీ కలిపి ఇంగ్లీషులో ఉన్నది ‘కేమ్’ ఒక్కటే. అంత సూక్ష్మంగా క్రియను మార్చే భాషలో పుట్టిన మనం ‘ఈజ్’, ‘ఆర్’ దగ్గర బోల్తా పడుతున్నామంటే కారణం బుద్ధిలో లేదు, వాక్యం అమరికలో ఉంది.

మీ మొదటి వాక్యాన్నే తీసుకుందాం. తెలుగులో చెప్పండి: ‘ఈ బజార్లలో అమ్మే మామిడిపళ్ళ నాణ్యత పెరిగింది.’ ఇందులో ‘పెరిగింది’కి ఆనుకుని ఉన్నది ‘నాణ్యత’. బజార్లు, అమ్మడం, పళ్ళు అన్నీ దానికి ముందే వచ్చి వెళ్ళిపోయాయి. తెలుగులో విశేషణాలు ఎన్ని ఉన్నా, ఎంత పొడుగ్గా ఉన్నా ముందుకే వెళతాయి. అసలు నామవాచకం వాటి చివర నిలబడుతుంది, ఇలాంటి వాక్యాల్లో క్రియను తాకుతుంది. ఇంగ్లీషులో వరస తిరగబడుతుంది. ‘క్వాలిటీ’ మొట్టమొదట వచ్చేస్తుంది. దాని వెంట ‘ఆఫ్ ది మ్యాంగోస్’, ‘సోల్డ్’, ‘ఇన్ దీజ్ మార్కెట్స్’ అని తోక పెరుగుతూ పోతుంది. క్రియ దగ్గరకు వచ్చేసరికి దాన్ని ఆనుకుని ఉన్నది ‘మార్కెట్స్’. క్రియ పక్కన ఉన్నదే కర్త అని జీవితమంతా అలవాటుపడిన తెలుగు చెవి ‘మార్కెట్స్’ అని విని ‘హ్యావ్’కు తల ఊపుతుంది. అక్కడ ఉండవలసింది ‘హ్యాజ్’.

ఇంకొక సంగతి కూడా ఉంది, కోచింగుల్లో ఇది చెప్పగా నేను వినలేదు. ‘మామిడిపళ్ళు’ అన్న మాట ‘నాణ్యత’ ముందుకు రాగానే ‘మామిడిపళ్ళ’ అయింది చూడండి. ‘ళ్ళు’ పోయి ‘ళ్ళ’ వచ్చింది. ఓడలు అయితే ‘ఓడల’ కెప్టెన్, ఇల్లు అయితే ‘ఇంటి’ యజమాని. అంటే తెలుగులో ఒక నామవాచకం ఇంకొకదానికి లోబడినప్పుడు చాలాసార్లు రూపం మార్చుకుని ‘నేను కర్తను కాను’ అని చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ‘మ్యాంగోస్’ కర్తగా ఉన్నా ‘మ్యాంగోస్’, ‘ఆఫ్’ వెనక ఉన్నా ‘మ్యాంగోస్’. రూపం ఏమీ చెప్పదు. కాబట్టి ఆ మార్పును మీరే మనసులో చేసుకోవాలి. ‘ఆఫ్’, ‘ఇన్’, ‘ఫ్రమ్’, ‘ఫర్’, ‘విత్’, ‘టు’ లాంటి మాట వెనక ఏ నామవాచకం కనబడినా దాన్ని ‘పళ్ళ’, ‘ఓడల’, ‘బజార్లలో’ అన్న రూపంలో వినండి. అలా వినబడిన మాటకు క్రియను శాసించే హక్కు పోయినట్టే.

ఇది తెలుగువాళ్ళకే ఉన్న లోపం అనుకుని నొచ్చుకోకండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న విద్యార్థులతో కాథరిన్ బాక్, కెరల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగంలో పేరుపొందినవి. ‘ది కీ టు ది క్యాబినెట్స్’ లాంటి తునకలు ఇచ్చి వాక్యం పూర్తి చేయమంటే, వాళ్ళూ కొన్నిసార్లు ‘ఆర్’, ‘వర్’ అనేశారు. మరో విశేషం కూడా తేలింది. అసలు కర్త ఏకవచనమై, మధ్యలో బహువచనం వచ్చినప్పుడే ఈ పొరపాటు ఎక్కువ. కర్త బహువచనమై మధ్యలో ఏకవచనం వస్తే అంతగా పొరబడలేదు. పరీక్షకు పనికొచ్చే విషయం ఇది: మీ నోట్సులోని ప్రశ్నలు తిరగేయండి, ఎక్కువ భాగం ఇదే అచ్చులో ఉంటాయి. ముందు ఏకవచన కర్త, మధ్యలో ఎస్‌తో ముగిసే మాటలు, చివర ‘ఆర్’ లేదా ‘హ్యావ్’.

ఈ మార్గంలో వెళితే చాలా సూత్రాలు విడిగా గుర్తుపెట్టుకోనక్కరలేదు. ‘ఎలాంగ్ విత్’, ‘టుగెదర్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’, ‘ఇన్ అడిషన్ టు’ అంటూ మీ నోట్సులో ఒక పట్టిక ఉంటుంది. ‘రవి స్నేహితులతో కలిసి వచ్చాడు’ అంటాం కానీ ‘వచ్చారు’ అనం కదా. ‘తో’ చేరినవాళ్ళు కర్తలో భాగం కారు. ఇంగ్లీషులోనూ అంతే: “రవి, ఎలాంగ్ విత్ హిజ్ ఫ్రెండ్స్, హ్యాజ్ కమ్.” ‘యాజ్ వెల్ యాజ్’ మాత్రం ‘అండ్’ లాగా అనిపించి ఊరిస్తుంది. దాన్నీ ‘తో’ కిందే లెక్కవేయండి.

‘ఎ నంబర్ ఆఫ్’, ‘ది నంబర్ ఆఫ్’ తేడా కూడా ఇలాగే తేలిపోతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రంలోకి చూస్తే రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడలు కనబడతాయి. వాటి గురించి రెండు వాక్యాలు రాద్దాం. ‘చాలా ఓడలు ఎదురుచూస్తున్నాయి’: “ఎ నంబర్ ఆఫ్ షిప్స్ ఆర్ వెయిటింగ్.” ‘ఓడల సంఖ్య పెరిగింది’: “ది నంబర్ ఆఫ్ షిప్స్ హ్యాజ్ గాన్ అప్.” మొదటి దాంట్లో తెలుగు క్రియను తాకినది ‘ఓడలు’, రెండోదాంట్లో ‘సంఖ్య’. ఇంగ్లీషు క్రియ కూడా వాటినే అనుసరించింది. సగం, కొంత, చాలా భాగం, అన్నీ, ఇంత శాతం అన్న మాటల విషయంలోనూ తెలుగు మిమ్మల్ని వంచించదు. ‘పళ్ళలో సగం కుళ్ళిపోయాయి’, ‘అన్నంలో సగం మిగిలిపోయింది’ అంటాం. మాట ‘సగం’ ఒక్కటే అయినా క్రియ దాని వెనకున్న వస్తువును చూస్తోంది. “హాఫ్ ఆఫ్ ది మ్యాంగోస్ ఆర్ రాటెన్”, “హాఫ్ ఆఫ్ ది రైస్ ఈజ్ లెఫ్ట్” అనడానికి కారణం అదే. ‘ఆఫ్’ వెనకున్న మాటకు హక్కు లేదన్న నియమానికి పరిమాణం చెప్పే మాటలు మినహాయింపు.

తిరగబడిన వాక్యాలకూ ఇదే మందు. కైలాసగిరి మీద ఉన్న పెద్ద విగ్రహాలు మీకు తెలిసినవే. “ఆన్ ది హిల్ స్టాండ్ ది స్టాచ్యూస్ ఆఫ్ శివ అండ్ పార్వతి.” ఇక్కడ కర్త క్రియ తరవాత వచ్చింది. ‘హిల్’ను చూసి ‘స్టాండ్స్’ అంటే తప్పు. ‘కొండ మీద శివపార్వతుల విగ్రహాలు ఉన్నాయి’ అనుకోగానే విగ్రహాలు క్రియ పక్కకు వచ్చేస్తాయి. ‘దేర్’తో మొదలయ్యే వాక్యాలు కూడా అంతే, అసలు కర్త వెనక ఉంటుంది.

ఇక మీ రెండో వాక్యం. ఇది కాస్త లోతైనది. ‘ఈ నౌకలో పనిచేసిన అధికారుల్లో ఆమె ఒకరు.’ పనిచేసినది ఎవరు? అధికారులు. ఆమె వాళ్ళలో ఒకరు. అందుకని ‘హూ’ అన్నది ‘ఆఫీసర్స్’ బదులు నిలబడింది, దాని తరవాత ‘హ్యావ్ సర్వ్‌డ్’ రావాలి. ఇక్కడ మనకు ఎందుకు తెలియడం లేదంటే, తెలుగులో ‘పనిచేసిన’ అన్న మాట ఒక్కరికైనా వందమందికైనా మారదు. పనిచేసిన అధికారి, పనిచేసిన అధికారులు. వచనం తేల్చవలసిన అవసరమే మనకు అక్కడ రాదు, ఇంగ్లీషులో వస్తుంది. ‘ది ఓన్లీ వన్ ఆఫ్ ది ఆఫీసర్స్ హూ’ అని ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఆ పని చేసినది ఆమె ఒక్కరే అని అర్థం కాబట్టి ‘హ్యాజ్’ వస్తుంది. ‘వన్ ఆఫ్ ది ఆఫీసర్స్’ తరవాత ‘హూ’ లేకుండా నేరుగా క్రియ వస్తే కర్త ‘వన్’ కాబట్టి ఏకవచనమే. వాడుకలో చేయి తిరిగిన రచయితలు కూడా ‘హూ’ తరవాత ఏకవచనం రాసేస్తుంటారు. పరీక్షలో మాత్రం బహువచనాన్నే కోరతారు, తర్కం ప్రకారం కూడా అదే సరి.

మూడో వాక్యం పూర్తిగా వేరు జాతి. ‘నైదర్–నార్’, ‘ఐదర్–ఆర్’, ‘నాట్ ఓన్లీ–బట్ ఆల్సో’ వచ్చినప్పుడు కర్తలు రెండు ఉంటాయి, రెండూ సమానమే. అప్పుడు క్రియకు దగ్గరగా ఉన్నదానిదే మాట. కాబట్టి ‘సెయిలర్స్ వర్’. దగ్గరివాడిని నమ్మవద్దని ఇంతసేపూ చెప్పి ఇప్పుడు నమ్మమంటున్నానని గందరగోళపడకండి. పై వాక్యాల్లో దగ్గరున్న మాట లోబడిన మాట, ఇక్కడ దగ్గరున్నది నిజమైన కర్తే. మీరు సొంతంగా రాసేటప్పుడు బహువచనాన్ని రెండోచోట పెట్టండి, వాక్యం ఇబ్బందిగా ఉండదు.

ఇంతవరకూ కర్తను వెతికే పని. ఇక్కడి నుంచి తెలుగును పక్కన పెట్టాలి.

మీ ‘సర్ హ్యావ్ కమ్’ ఇక్కడే పుట్టింది. ‘ప్రిన్సిపాల్ గారు వచ్చారు’, ‘మా నాన్నగారు చెప్పారు’ అంటాం. మనిషి ఒక్కరే, క్రియ బహువచనం. గౌరవం మన క్రియలోనే ఉంది. పెద్దవాళ్ళను ‘వచ్చాడు’ అనడానికి నోరు రానట్టే ‘హ్యాజ్ కమ్’ అనడానికీ లోపల ఎక్కడో సంకోచం ఉంటుంది, తెలియకుండానే ‘హ్యావ్’ వస్తుంది. ఇది సంస్కారం నుంచి వచ్చిన తప్పు, అందుకే దీన్ని దిద్దేటప్పుడు నేను ఎవరినీ గద్దించను. ఇంగ్లీషులో కలెక్టరైనా రాష్ట్రపతైనా ‘హ్యాజ్ కమ్’ అంటారు, అందులో అగౌరవం లేదు. ఆ భాషలోనూ ఒకప్పుడు మన నువ్వు–మీరు లాంటి తేడా ఉండేది. ‘దౌ’ ఏకవచనం, ‘యూ’ బహువచనం. మర్యాదకు ఒక్కరినే ‘యూ’ అనడం పెరిగి పెరిగి ‘దౌ’ వాడుకలోంచి తప్పుకుంది. ఎదుట ఒక్కరే ఉన్నా ‘యూ ఆర్’ అంటున్నది ఆ మర్యాద వల్లే.

ఇదే దారిలో ఇంకొకటి. ‘ఎవరు వచ్చారు?’, ‘ప్రతి ఒక్కరూ చదివారు’ అంటాం, రెండూ బహువచన క్రియలే. ఇంగ్లీషులో “హూ హ్యాజ్ కమ్?”, “ఎవ్రీవన్ హ్యాజ్ రెడ్ ఇట్” అని ఏకవచనం. ‘ఈచ్’, ‘ఎవ్రీ’, ‘ఎనీవన్’, ‘నోబడీ’ అన్నిటికీ ఇదే. “ఎవ్రీ బాయ్ అండ్ గర్ల్ హ్యాజ్” అన్నప్పుడు ‘అండ్’ ఉన్నా ఏకవచనమే. ‘ఈచ్’ మాత్రం బహువచన కర్త తరవాత వస్తే క్రియను మార్చలేదు: “ది బాయ్స్ ఈచ్ హ్యావ్ ఎ టికెట్.”

మరీ పెద్ద గొయ్యి వస్తువుల దగ్గర ఉంది. నీళ్ళు వచ్చాయి, పాలు విరిగాయి, వార్తలు మొదలయ్యాయి, సలహాలు పనికొచ్చాయి. తెలుగులో అన్నీ బహువచనాలు. ఇంగ్లీషులో ‘వాటర్’, ‘మిల్క్’, ‘న్యూస్’, ‘అడ్వైస్’ అన్నీ ఏకవచనాలు. “ది వాటర్ ఇన్ దీజ్ ట్యాంక్స్ ఈజ్ డర్టీ” అన్న వాక్యంలో రెండు ప్రమాదాలూ కలిసి వచ్చాయి చూడండి: మధ్యలో ‘ట్యాంక్స్’, తెలుగులో ‘నీళ్ళు’. అరకు వెళ్ళి వచ్చిన పిల్లలు తప్పకుండా ‘ది సీనరీస్ ఆర్ బ్యూటిఫుల్’ అని రాస్తారు. ‘సీనరీ’కి ఎస్ చేరదు, క్రియ ఏకవచనమే. ‘ఫర్నిచర్’, ‘లగేజ్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘మెషినరీ’ ఈ కోవలోవే. ఇవి బ్యాంకు పరీక్షల్లో ఎంత ఇష్టమైన ప్రశ్నలో మీకు తెలుసు. ఎదురుదిశలో చూస్తే, కత్తెర ఒకటే, కళ్ళజోడు ఒకటే, ప్యాంటు ఒకటే మనకు. ‘సిజర్స్’, ‘స్పెక్టకిల్స్’, ‘ట్రౌజర్స్’ వాళ్ళకు బహువచనం. ‘ఎ పెయిర్ ఆఫ్’ ముందు చేరితే కర్త ‘పెయిర్’ కాబట్టి ఏకవచనానికి తిరిగి వస్తుంది. వీటికి తర్కం వెతకకండి. జాబితా రాసుకుని, ప్రతి మాటనూ ‘ఈజ్’తోనో ‘ఆర్’తోనో జతగా పలికి నాలుకకు అలవాటు చేయండి. బట్టీ పట్టవలసినవి ఏమైనా ఉంటే ఇవే.

‘మ్యాథమేటిక్స్’, ‘ఫిజిక్స్’, ‘ఎకనామిక్స్’ చదువుల పేర్లు కాబట్టి ఏకవచనం. ‘స్టాటిస్టిక్స్’ చదువు పేరైతే ‘ఈజ్’, అంకెలైతే ‘ఆర్’. ‘హెడ్‌క్వార్టర్స్’కు రెండూ చెల్లుతాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలో ఉందని రాసేటప్పుడు ‘ఈజ్’ రాసినా ‘ఆర్’ రాసినా తప్పు పట్టడానికి లేదు.

సమూహాల విషయంలో మనకు కొంత అనుభవం ఉంది. ‘కుటుంబం వచ్చింది’ అంటాం, ‘జనం వచ్చారు’ అంటాం. రెండూ చూడటానికి ఏకవచనాలే, కానీ ‘జనం’ అనగానే మనుషులు కనబడతారు. ఇంగ్లీషులో ‘పోలీస్’, ‘పీపుల్’ మన ‘జనం’ లాంటివి, ఎప్పుడూ బహువచనమే. ‘టీమ్’, ‘కమిటీ’, ‘ఫ్యామిలీ’, ‘స్టాఫ్’ దగ్గర దేశాన్ని బట్టి వాడుక మారుతుంది. అమెరికాలో దాదాపు ఎప్పుడూ ఏకవచనం. బ్రిటన్‌లో ఒక్కటిగా చూస్తే ఏకవచనం, అందులోని మనుషులను చూస్తే బహువచనం. మన క్రికెట్ వార్తలు బ్రిటిష్ పద్ధతివి. 2005 ఏప్రిల్ 5న మన విశాఖ స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 పరుగులు చేసిన మ్యాచ్ మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజు భారత్ 9 వికెట్లకు 356 పరుగులు చేసింది. మైదానం వార్తలో దాన్ని “ఇండియా వర్ 356 ఫర్ 9” అని రాస్తారు. అదే పత్రిక మొదటి పేజీలో దేశం గురించి రాసేటప్పుడు “ఇండియా హ్యాజ్ సైన్డ్ ది ట్రీటీ” అంటుంది. రెండూ సరైనవే, జట్టు వేరు, దేశం వేరు. పరీక్షలో సమూహం ఒక్క నిర్ణయం తీసుకుంటే ఏకవచనం, తమలో తాము చీలిపోయినట్టు ఉంటే బహువచనం పెట్టండి.

డబ్బు, దూరం, కాలం. ‘అయిదు వందల రూపాయలు సరిపోతాయి’ మనకు. “ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ ఇనఫ్” వాళ్ళకు, ఎందుకంటే మొత్తాన్ని ఒక ముద్దగా చూస్తారు. ‘థర్టీ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్’, ‘ఫైవ్ ఇయర్స్ ఈజ్ ఎ లాంగ్ టైమ్’ కూడా అంతే. అయితే “ఫైవ్ ఇయర్స్ హ్యావ్ పాస్డ్” అన్నప్పుడు బహువచనం సరైనది, ఒక్కొక్క ఏడూ గడుస్తున్నట్టు భావం. మొత్తాన్ని కొలిస్తే ఏకవచనం అని మాత్రమే చెప్పి ఊరుకునే నోట్సులు ఇక్కడ విద్యార్థిని ముంచుతాయి. ‘ఇడ్లీ అండ్ సాంబార్’ ఒకే ఫలహారంగా చెబితే ‘ఈజ్’.

ఇక ‘కు’ చేరిన మాటల సంగతి. దీని గురించి ఇంకెవరూ మీకు చెప్పి ఉండరనుకుంటాను. ‘మా అన్నయ్యకు ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు.’ ఇందులో ‘ఉన్నారు’ కూతుళ్ళను అనుసరించింది, అన్నయ్యను కాదు. ఇంగ్లీషులో అన్నయ్యే కర్త: “మై బ్రదర్ హ్యాజ్ టూ డాటర్స్.” ‘అతనికి పాత పాటలు నచ్చుతాయి’ అన్నప్పుడు ‘నచ్చుతాయి’ పాటల కోసం బహువచనమైంది. “హి లైక్స్ ఓల్డ్ సాంగ్స్” అనడంలో ‘లైక్స్’కు ఎస్ జారిపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఉండటం, నచ్చడం, తెలియడం, కావాలి, అర్థం కావడం, ఆకలి వేయడం, ఇవన్నీ తెలుగులో ‘కు’తో నడుస్తాయి. క్రియను తాకినదే కర్త అని నేను చెప్పిన కిటుకు ఈ వాక్యాల్లో పనిచేయదు. తెలుగులో ‘కు’, ‘కి’ చేరిన మనిషి కనబడితే ఇంగ్లీషులో సాధారణంగా అతనే కర్త అని గుర్తుంచుకోండి. అలాగే ‘నేను చూడలేదు, అతను చూడలేదు, వాళ్ళు చూడలేదు’. ఈ రూపం ఎవరికీ మారదు. అందుకే ‘హి హ్యావ్ నాట్ సీన్’ అన్న తప్పు మన చెవికి గుచ్చుకోదు. లేదు, తెలియదు, వద్దు అనిపించే వాక్యాల్లో క్రియను రెండోసారి చూడండి.

మిగిలినవి చిన్నవి. క్రియ నుంచి పుట్టిన కర్త ఏకవచనం: “రైడింగ్ బైక్స్ ఎట్ నైట్ ఈజ్ రిస్కీ.” ‘మోర్ దాన్ వన్ స్టూడెంట్ హ్యాజ్’, ‘మెనీ ఎ స్టూడెంట్ హ్యాజ్’ అర్థంలో బహువచనం, రూపంలో ఏకవచనం. ‘నన్ ఆఫ్ దెమ్’ తరవాత రెండూ ఒప్పుకుంటారు.

సాధన గురించి. ఇంగ్లీషులో వచనం బయటపడే చోట్లు చాలా తక్కువ: ‘ఈజ్–ఆర్’, ‘వాజ్–వర్’, ‘హ్యాజ్–హ్యావ్’, ‘డజ్–డూ’, వర్తమాన క్రియ చివరి ఎస్. ‘కెన్’, ‘మస్ట్’, ‘విల్’, ‘డిడ్’ ఉన్నచోట వెతకనే అక్కరలేదు. కాబట్టి ప్రశ్న చదవగానే ఈ మాటలను ముందు పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవండి. విశాఖ ఓడరేవు మీద, ఉక్కు కర్మాగారం మీద ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే వార్తలు దీనికి మంచి సరుకు, వాటిలో కర్తలు బాగా పొడుగ్గా ఉంటాయి. ఇలాంటి వాక్యం ఊహించుకోండి: “ది హ్యాండ్లింగ్ ఆఫ్ కోల్ అండ్ ఫెర్టిలైజర్స్ ఎట్ ది హార్బర్ బెర్త్స్ కాజెస్ డస్ట్.” ‘కాజెస్’ దగ్గర ఆగండి. వెనక్కి వెళితే ‘బెర్త్స్’, దాని ముందు ‘ఎట్’ ఉంది, కొట్టేయండి. ‘ఫెర్టిలైజర్స్’, ‘కోల్’, వాటి ముందు ‘ఆఫ్’ ఉంది, కొట్టేయండి. మిగిలింది ‘హ్యాండ్లింగ్’. తెలుగులో సరిచూసుకోండి: ‘రేవులో బొగ్గు, ఎరువుల ఎగుమతి దిగుమతి పని దుమ్ము లేపుతోంది.’ దుమ్ము లేపేది పని, అది ఒకటే. కాబట్టి ‘కాజెస్’ సరైనదే, ఈ వాక్యంలో తప్పు లేదు. పెన్సిలుతో నిజంగా గీతలు కొట్టండి. మనసులో చేస్తున్నాననుకుంటే చెవి మళ్ళీ ముందుకొచ్చేస్తుంది.

చివరిది, ‘డేటా’. ఇది లాటిన్ నుంచి వచ్చిన బహువచనం, ‘డేటమ్’ ఏకవచనం. శాస్త్రపత్రాల్లో ‘డేటా ఆర్’ రాసేవారు ఇప్పటికీ ఉన్నారు, మామూలు రాతలో, కంప్యూటర్ల రంగంలో ‘డేటా ఈజ్’ స్థిరపడింది. రెండూ చెల్లుతాయి కాబట్టి పరీక్షలో ‘డేటా’ ఉన్న వాక్యం వస్తే తప్పు ఇంకోచోట ఉందేమో ముందు అక్కడ వెతకండి. ‘క్రైటీరియా’, ‘ఫినామినా’లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు, అవి బహువచనాలే. ఒక్కదానికి ‘క్రైటీరియన్’, ‘ఫినామినన్’ అని రాయాలి.